ఏమీ చెయ్యకూడని వారం

ఇక చాలు, అంది గోడ మీది కాగితం.
సోమవారం గడిలో ఒకటే మాట: విశ్రాంతి.
ఆరు నెలలుగా నాలుగున్నరకి లేచిన కాళ్ళకి
ఆ మాట చదవడం రాదు.
చీకట్లోనే మేలుకుని, దుప్పటి కింద
లేని పెడళ్ళు తొక్కుతున్నాయి.

బరంపురం స్టేషన్లో రిజర్వేషన్ కౌంటరు.
అద్దం వెనక ఎనిమిది గంటలు కూర్చుని
ఎవరెవరో వెళ్ళే ఊళ్ళు కొట్టిచ్చే ఉద్యోగం.
మంగళవారం విజయనగరానికి రెండు బెర్తులిస్తూ
ఎడమ మోకాలు పోయిందనుకున్నాను.
మధ్యాహ్నానికి నొప్పి కుడికాలికి మారింది.
సాయంత్రం చీలమండ దగ్గర దిగింది.
పాణిగ్రాహి బాబు కళ్ళజోడు పైకెత్తి
"నీ నొప్పికీ కనెక్షన్ బండి ఉందే!" అన్నాడు.

నొప్పి కాదది.
పని పోయిన భయం
ఒంట్లో అద్దెగది వెతుక్కుంటోంది.

ఈత నాకు ముప్పై తొమ్మిదో ఏట వచ్చింది,
గోపాలపురం లైట్‌హౌస్ కింద,
చోడిపల్లి ఎర్రయ్య చేతిలో.
వేట మానేసి వలలు బాగుచేసుకునే ముసలాయన.
తొలిరోజు నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి
గంటసేపు ఏమీ నేర్పలేదు.
అల వచ్చినప్పుడల్లా మెడ పట్టి ముంచాడు.
ముక్కులోకి ఉప్పు, కళ్ళలోకి ఉప్పు,
నోట్లో నా తిట్లకీ ఉప్పు.
"నీల్లతో దెబ్బలాడకు పాపా.
దానికి నీ మీద కోపం నేదు.
దాని పని అది సేసుకుంతంది."

బుధవారం ఒడ్డు మీదే కూర్చున్నాం.
పడవ వాళ్ళు పందెం గుర్తులు కడుతున్నారు.
దూరంగా మూడు నారింజరంగు బుడగలు,
ఇక్కణ్ణించి చూస్తే జేబులో పట్టేటట్టున్నాయి.
"ఆటిని నమ్మకు," అన్నాడు బీడీ ఆర్పి.
"ఆదోరానికి ఉత్తరానికి జరిగిపోతాయి.
ఎనక్కి తిరిగి లైటౌసుని సూసుకో.
అది కదల్దు."

గిరి రోడ్డు కొట్లో బిజయ్
మా బావ పాత సైకిల్ని తలకిందులు చేసి
గొలుసుకి నూనె పట్టించాడు.
టైరు మార్చమంటే వినలేదు.
ఈ వారం కొత్తదేదీ వద్దు నానీ,
అరిగినా అలవాటైనదే మంచిదన్నాడు.

గురువారం నుంచి అన్నం, ఇంకా అన్నం.
పొద్దున్నే ఉల్లిపాయతో చద్దన్నం.
పక్కింటి వాళ్ళు దాన్నే పఖాళొ అంటారు.
గోడకి అటూ ఇటూ పేరు వేరు, పులుపొకటే.
ఎందుకే ఇదంతా, అంది చెల్లెలు ఫోన్లో.
అన్నం నములుతున్నానని చెప్పాను.

శుక్రవారం కాగితం నింపమన్నారు.
పేరు, వయసు, రక్తం గ్రూపు.
ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలి?
అన్ని గళ్ళూ గబగబా దాటిన పెన్ను
అక్కడ కూలబడింది.
ఎర్రయ్యకి ఫోను లేదు.
ఎండుచేపలమ్మే కోడలి నంబరు వేశాను.
బంధుత్వం?
మెడ పట్టి ముంచినవాడు అని రాయడానికి
చోటు చాలలేదు.
గురువు అని పెట్టాను.

శనివారం భుజం మీద నల్ల మార్కరుతో
మూడు వందల పదిహేడు.
చెరిగిపోతుందని ఆ పక్కకి ఒత్తిగిలలేదు.
కుర్చీ మీద కళ్ళద్దాలు, టోపీ,
పౌడరు చల్లిన బూట్లు, నాలుగు పిన్నీసులు,
పేపర్లో చుట్టిన నువ్వుండ.

కళ్ళు మూసి పందెం మొత్తం ఈదుతాను.
మూడో బుడగ దగ్గర
ప్రతిసారీ ఊపిరి తప్పుతుంది.
మళ్ళీ ఒడ్డు నుంచి మొదలు.
ఐదోసారి ఈతలో వెనక్కి చూశాను.
లైట్‌హౌస్ ఉంది.
ఆ తర్వాత సైకిలూ పరుగూ గుర్తులేవు,
నిద్ర పట్టినట్టుంది.

మూడున్నర.
అలారం ఇంకా మోగలేదు.
నేను లేచాను గానీ
కాళ్ళు పడుకునే ఉన్నాయి,
బరువుగా, వెచ్చగా,
వారం రోజుల్లో మొదటిసారి.

లేపను.
ఇంకో పది నిమిషాలు.